సమాధి రాయితో గోదావరిఖని దాకా

గోదావరిఖని చూసొద్దామని ఎవరూ బయలుదేరరు. పని వెతుక్కుంటూ వెళతారు, లేదా పనిలో ఉన్న తమ వాళ్లను చూడటానికి వెళతారు. నేను వెళ్లింది అక్కడి మట్టిలో ఉన్న మా తమ్ముడికి రాయి పెట్టడానికి. వెళ్లి వచ్చి నెల కావస్తోంది. ఎడమ మణికట్టు మీద కాలిన గాయం ఇంకా మానలేదు. అది మానేలోపే రాసేయాలని కూర్చున్నాను.

గుడివాడ

మా తమ్ముడి పేరు దానియేలు. పద్నాలుగేళ్ల కిందట ఇల్లు వదిలిపోయి అక్కడి బొగ్గుగనిలో చేరాడు. రెండేళ్ల కిందట గని పైకప్పు కూలి చనిపోయాడు. అక్కడి చర్చి పెద్ద రాసిన కార్డు మాకు అందేసరికి ఖననం జరిగి పది రోజులైంది. అమ్మ పోయాక మమ్మల్నిద్దర్నీ పెంచింది మా అక్క. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది. రెండేళ్లు కూడబెట్టి ఈ రాయి చెక్కించింది. పైన సిలువ, దాని కింద వాడి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. అడుగున ఒక బైబిలు వాక్యం వేయించాలనుకుంది గాని డబ్బు చాలక ఆ జాగా ఖాళీగా ఉండిపోయింది.

నవంబరు రెండున మా వైపు క్రైస్తవులు సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, పొద్దుగూకే వేళ కొవ్వొత్తులు వెలిగిస్తారు. సమాధుల పండుగ అంటారు. "ఈ పండక్కి వాడి తల దగ్గర పేరుండాలిరా. రెండేళ్లుగా పేరు లేకుండా పడుకున్నాడు," అంది అక్క. ఆ మాటకు ఎదురు చెప్పే ముఖం నాకు లేదు.

ఎందుకు లేదో ఇక్కడే చెప్పేస్తాను. మా నాన్న పెట్రోమాక్సు లైట్లూ స్టవ్వులూ బాగుచేసేవాడు. ఆయన పోయాక మాకు మిగిలిన ఆస్తి ఒకే ఒక్కటి, ఆయన తగరం కరిగించి చిల్లులకు మాట్లు వేసే రాగి కడ్డీ. తమ్ముడు ఇల్లు వదిలిన రోజే అదీ మాయమైంది. వాడే పట్టుకెళ్లి తాగుడికి అమ్మేశాడని అన్నది నేను. చూసి అన్నది కాదు, కోపంతో అన్నది. నేను బడిపంతుల్ని, ఇంట్లో నా మాటకు విలువ ఎక్కువ. అక్క నమ్మింది. తర్వాత వాడు రాసిన ఒకే ఒక్క ఉత్తరానికి ఆమె జవాబు రాయలేదు. వాడు మళ్లీ రాయలేదు.

రాయిని రైల్లో వేస్తే ఎప్పుడు చేరుతుందో, ఎన్ని ముక్కలుగా చేరుతుందో తెలియదు. అందుకని పోయిన మా బావ నడిపిన పాత టాక్సీ కారు మీది టార్పాలిన్ తీశాం. ఐదేళ్లుగా కదలని బండి. పెట్రోలు ధర మండిపోతున్న రోజుల్లో దాన్ని బయటికి తీయడం నాకే సాహసంగా తోచింది. వెనక సీటు పీకేసి, గడ్డి పరిచి, పాత బొంత వేసి, నలుగురం పట్టి రాయిని పడుకోబెట్టాం. బండి వెనక భాగం జానెడు కుంగింది.

వరంగల్లు దారి

మొదటి రోజు ఖమ్మం దాకా కారు బుద్ధిగానే నడిచింది. ఖమ్మంలో భోజనం రూపాయిన్నర. పప్పులో కారం మా వైపు కంటే తక్కువేం కాదుగాని, పచ్చడి అడిగితే నూరిన పచ్చిమిరపకాయలు తెచ్చి ఆకులో పెట్టారు. అడిగిన పాపానికి తిన్నాను.

వర్ధన్నపేట దగ్గర వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ కింద నుంచి తెల్లటి ఆవిరి లేచింది. దిగి చూస్తే రేడియేటరు అడుగు నుంచి నీళ్లు ధారకట్టి కారుతున్నాయి. అసలే ఐదేళ్లు ఎండిపోయిన బండి, ఆపైన రాయి బరువు.

ఒక లారీ డ్రైవరు ఆగాడు. నడివయసు మనిషి, తలకు తువ్వాలు. చూసి, తన వంట డబ్బాలోంచి గుప్పెడు పసుపు తీసి రేడియేటరులో పోశాడు. పసుపు నానితే ఉబ్బి చిల్లులు మూసేస్తుందట, లారీల వాళ్లు దారి మధ్యలో చేసే వైద్యం అదేనట. వెనక ఏముంది, ఇంత బరువుందని అడిగాడు. చెప్పాను. తల మీది తువ్వాలు తీసి చేత పట్టుకుని, కిటికీలోంచి చెయ్యి పెట్టి రాయిని ఒకసారి తాకాడు. పసుపుకు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ పసుపుతోనే వరంగల్లు చేరాను. లాడ్జి గది నాలుగు రూపాయలు.

పెద్దపల్లి దాటాక

రెండో రోజు హుజూరాబాదు మీదుగా కరీంనగర్ వెళ్లాను. అక్కడ బస్టాండు పక్కన ఒకామె సర్వపిండి కాల్చి అమ్ముతోంది. బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ కలిపి గిన్నె అడుగున అద్ది కాలుస్తారు. మా దిబ్బరొట్టెకు పిన్ని కూతురనుకోండి, కాకపోతే పలచన, కరకర. పావలాకు ఒకటి. నేను తినే వేగం చూసి, "ఇంకోటి తిను కొడుకా, పైసలు తర్వాత," అంది. ఆమెకు నాకంటే నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటాయేమో. అక్కడ పెద్దరికం తీసుకోవడానికి అంత తేడా చాలు.

పెద్దపల్లి దాటాక వరిచేల మధ్య నుంచి మెల్లగా నలుపు మొదలవుతుంది. ముందు రోడ్డు అంచులు, తర్వాత చెట్ల ఆకులు, తర్వాత ఆరేసిన బట్టలు. ఊరు ఇంకో మూడు మైళ్లుందనగా గనిలోంచి తోడి పారబోసే నీళ్ల గొట్టం కనిపించింది. తెల్లగా, చల్లగా దూకుతున్నాయి. పక్కనే ఉన్న చెరువు నీళ్లు బురదగా ఉంటే, ఇవి అద్దంలా ఉన్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయి రేడియేటరు నిండా అవే పోశాను.

ఊరి మొదట్లోనే కారు మళ్లీ సలసలా కాగింది. ఓపిక పట్టకుండా మూత తిప్పాను. వేడినీళ్లు ఎగదన్ని మణికట్టు కాలింది. షిఫ్టు దిగి వస్తున్న కార్మికులు ఆరుగురు, కళ్లూ పళ్లూ తప్ప అంతా నల్లగా ఉన్నవాళ్లు, ఏమిటని అడగకుండానే వెనక చేరి నెట్టడం మొదలుపెట్టారు. రేడియేటరు బాగుచేయించాలంటే కరీంనగర్ పోవాలని, లేదంటే ఊళ్లో మాట్లు వేసేది ఓదేలు ఒక్కడేనని చెప్పారు. ఓదేలు గనిలో నీళ్లు తోడే పంపు దగ్గర ఖలాసీ. కారును నెట్టుకుంటూ తీసుకెళ్లి అతని క్వార్టరు ముందే నిలిపారు.

ఓదేలుకు నలభై ఏళ్లుంటాయి, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉంటాడు. రేడియేటరు మూత తీసి, వేలు ముంచి, పచ్చటి వేలిని నాకు చూపించాడు.

"ఏంది సారు, బండికి పెండ్లి చేసిండ్రా?"

గొట్టం నీళ్లు పోశానని కూడా చెప్పాను. ఆ నీళ్లు తమ పంపుల ఇనుమునే తినేస్తాయని, పోసేముందు ఎవరినైనా అడగాల్సిందని అన్నాడు. మర్నాడు డ్యూటీ దిగి వచ్చాక చూస్తానన్నాడు. వచ్చిన పని చెప్పాను. దానియేలు అనేవాడు తెలుసా అని అడిగాను. అతను తన భార్య రాజమ్మ వైపు చూశాడు. ఆమె బియ్యం చేట చేతిలోకి తీసుకుని లోపలికి వెళ్లింది.

"ఆ పేరుగల్లోడు మా గన్ల లేడు సారు," అన్నాడు ఓదేలు.

వాళ్ల అరుగు మీదే పడుకున్నాను. రాజమ్మ అన్నంలో పచ్చిపులుసు పోసి పెట్టింది. చింతపండు పులుసును కాచకుండా అలాగే ఉల్లిపాయ పిసికి చేస్తారు. మా ఇళ్లలో చారు మరగకపోతే గొడవలవుతాయి. కాలిన చేతికి ఆమె ఏదో ఆకు పసరు రాసింది.

సమాధుల తోట

మూడో రోజు, నవంబరు ఒకటి, పొద్దున్నే వెతుకులాట మొదలుపెట్టాను. కార్డు రాసిన చర్చి పెద్ద ఎక్కడికో బదిలీ అయిపోయాడు. ఇప్పటి పెద్ద పుస్తకం తిరగేసి దానియేలు లేడన్నాడు. గని ఆఫీసులో గుమాస్తా రిజిస్టరు చూసి అదే మాట చెప్పాడు. టీ కొట్టు దగ్గర అడిగితే కబుర్లు చెప్పుకుంటున్న వాళ్లు టీ గ్లాసుల వైపు చూసుకున్నారు. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ నా ముఖం వైపు చూడలేదు. నిన్న అడక్కుండా కారు నెట్టిన మనుషులేనా వీళ్లు అనిపించింది.

సమాధుల తోటకు నేనే వెళ్లాను. ఊరి చివర ఎర్రమట్టి దిబ్బ. పండుగ కోసం కొందరు గడ్డి పీకుతున్నారు. రాళ్లున్న సమాధులు తక్కువ. మిగతావన్నీ మట్టి కుప్పలు, తల దగ్గర చెక్క సిలువలు. సగం సిలువలకు చెదలు పట్టింది. ఒక్కొక్కటే వంగి చదివాను. రెండు వరసలు అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక వేపమొక్క పక్కన ఉన్న సిలువ మీద 'మల్లయ్య' అని ఉంది. కొత్తగా మతంలో కలిసిన వాడెవడో అనుకుని, అక్కడ కాస్త నీడ ఉంటే చెప్పులు విడిచి నిలబడి ముఖం తుడుచుకున్నాను. తర్వాత మూడో వరస చదివాను. దానియేలు ఎక్కడా లేడు.

నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది. అక్కకు ఏం చెప్పాలి? రాయి తిరిగి తెచ్చేశానని చెప్పాలా?

ఓదేలు వాకిలి

ఓదేలు మూడు గంటలకు వచ్చాడు. నీళ్లు పోసుకుని, బీడీ కూడా కాల్చకుండా పనిలోకి దిగాడు. దిగేముందు నా చొక్కా జేబు తడిమి అగ్గిపెట్టె తీసి కిటికీలో పెట్టాడు. గనిలోకి దిగేవాళ్లను గేటు దగ్గర అలాగే తడుముతారు, ఆ అలవాటు. పెట్రోలు బండి దగ్గర అలవాటు మంచిదే.

బోల్టులు విప్పి రేడియేటరును బయటికి తీశాడు. రాజమ్మ వీధిలో నాలుగిళ్లు తిరిగి పాత చింతపండు తెచ్చింది. పెద్ద గుండిగలో నీళ్లు మరిగించి చింతపండు పిసికి, ఆ పులుసును రేడియేటరు నిండా పోసి, గంటసేపు నానబెట్టారు. ఇత్తడి బిందెలు తోమినట్టే, లోపలి పాచిని కూడా పులుపు తింటుందట. తర్వాత కుళాయి గొట్టాన్ని కింది మూతికి పెట్టి నీళ్లను కింది నుంచి పైకి ఎక్కించాడు. పైనుంచి పోస్తే మురికి ఇంకా బిగుసుకుంటుంది, వచ్చిన దారినే వెనక్కి పంపాలన్నాడు. ముందు పసుపు ముద్దలు, తర్వాత తుప్పు, తర్వాత బూడిదరంగు రొచ్చు పడ్డాయి. వాకిలంతా చారు వాసన వేసింది.

ఇంజను దగ్గర ఒక చిన్న డబ్బీ ఉంటుంది. నీళ్లు వేడెక్కినప్పుడు దానంతట అదే తెరుచుకుని దారి ఇవ్వాలి. దాన్ని దారానికి కట్టి మరిగే నీళ్లలో వేలాడదీశాడు. ఎంతసేపున్నా నోరు తెరవలేదు. తీసి పారేశాడు. ఈ ఎండల దేశంలో అది లేకపోయినా నడుస్తుందని చెప్పాడు. పగిలిన కింది రబ్బరు గొట్టానికి బదులు తుక్కు దుకాణం నుంచి ఒక ముక్క తెచ్చి, ఇనుప తీగతో బిగించి కట్టాడు. ఆ రోజు నాకైన మొత్తం ఖర్చు ఆ ముక్కా, కాస్త తగరమూ, అంతే.

ఇక చిల్లులు. రేడియేటరు మూతులన్నీ గుడ్డలతో బిగించి, ఒకదాంట్లో సైకిలు పంపు పెట్టి, నీళ్ల తొట్టిలో ముంచాడు. నన్ను పంపు కొట్టమన్నాడు. కొడుతుంటే అడుగు కుట్టు దగ్గర బుడగలు వరసగా లేచాయి. అక్కడ సుద్దతో గీత పెట్టాడు. పైకి తీసి, ఆరబెట్టి, ఇత్తడి మెరిసేదాకా గీకి, తగరం పట్టుకోవడానికి నవసాగరం రాశాడు. గని వాళ్ల ఇళ్లలో వంట బొగ్గు పొయ్యి మీదే. ఆ పొయ్యిలో ఎర్రగా కాలుతున్న మాట్ల కడ్డీని పిడి పట్టుకుని బయటికి లాగాడు.

వేపచెక్క పిడి. దాని మీద ఇత్తడి తీగ చుట్లు మూడు. మధ్య చుట్టు మిగతా రెండింటికంటే వెడల్పు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు దాంతో కొబ్బరికాయ కొట్టబోయి ఆ పిడి పగలగొట్టాను. నాన్న తిట్టకుండా కూర్చుని తీగ చుట్టాడు. పగులు మధ్యలో ఉండటంతో మధ్య చుట్టు వెడల్పుగా వచ్చింది. ఇవన్నీ నేను ఎప్పుడు చెప్పడం మొదలుపెట్టానో నాకు తెలియదు. చెబుతూనే ఉన్నాను. ఓదేలు కడ్డీని పొయ్యిలోకి తిరిగి పెట్టి, నా ఎదురుగా గొంతుకూర్చున్నాడు. రాజమ్మ గడపలో నిలబడిపోయింది.

"పిడి వలగ్గొట్టింది మా అన్న అని చెప్పేటోడు," అన్నాడు ఓదేలు మెల్లగా. "అయితే నువ్వు నిజంగనే మల్లన్నకు అన్నవు."

సంగతి అతను చెప్పాడు, నేను విన్నాను. గోదావరి ఒడ్డు పల్లె నుంచి మల్లయ్య అనే రైతు గనిలో చేరాడు. నెల తిరక్కుండా చీకటికి బెదిరి ఇంటికి పారిపోయాడు. అప్పుడే మా తమ్ముడు పనికోసం వచ్చాడు, ఖాళీలు లేవు. గనిలో దిగేటప్పుడు చూపించే మల్లయ్య బిళ్ల తీసుకుని మల్లయ్య పేరుతోనే దిగాడు. ఆ రోజుల్లో అలా ఒకరి పేరు మీద ఇంకొకరు దిగడం అక్కడ వింత కాదట. అలాంటి వాడి అసలు పేరు ఎవరూ అడగరు, తెలిసినా కొత్తవాళ్ల ముందు ఎత్తరు. అది అక్కడి మర్యాద. కారులో వచ్చి రిజిస్టర్లు చూపించమనే చొక్కా మనిషి ముందు అసలే ఎత్తరు. పొద్దుటి నుంచి అందరూ నా ముఖం తప్పించింది అందుకు. మాకు కార్డు రాసిన పాత చర్చి పెద్దకు వాడే తన అసలు పేరూ ఊరూ చెప్పుకున్నాడట. మల్లయ్య పేరు మీదున్న గని కాగితాల సంగతి తర్వాత ఏమైందని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

కడ్డీ అమ్మలేదన్నమాట. పన్నెండేళ్లు దాంతో ఈ వీధి బిందెలూ స్టవ్వులూ బాగుచేశాడు. ఓదేలుకు పని నేర్పాడు. నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాట వాడికి ఇల్లు లేకుండా చేసింది. అక్కడ ఆ వాకిట్లో, చేతిలో సైకిలు పంపుతో కూర్చుని ఏడ్చాను. వాళ్లు ఏడవనిచ్చారు.

తర్వాత ఓదేలు మాటు వేశాడు. తగరాన్ని కుట్టు పొడుగునా నడిపించి, చివర ఒక చిన్న చుక్క పెట్టి ఆపాడు. ఎందుకా చుక్క అని అడిగాను, జవాబు నాకు తెలిసినా. మా నాన్న వేసిన ప్రతి మాటు చివరా అదే ఉండేది.

"మల్లన్న గట్లనే పెట్టేటోడు. ఎందుకని నేను అడుగలె."

నవంబరు రెండు

మర్నాడు బావినీళ్లు పోసుకుని కారు సమాధుల తోట దాకా వెళ్లింది. ముల్లు సగం కూడా ఎక్కలేదు. నేను నీడకు నిలబడ్డ వేపమొక్క దగ్గరే రాయి దించాం.

అక్కడ ఒక మనిషి ముందే కూర్చుని ఉన్నాడు. గోచీపంచె, మాసిన తువ్వాలు, పక్కన కొవ్వొత్తుల పొట్లం. రాయి మీది పేరు ఎవరిదని అడిగి, నేను చదివితే తలాడించాడు. అసలు మల్లయ్య అతనేనని ఓదేలు చెప్పాడు. పోయిన ఏడాది కూడా ఈ రోజున వచ్చాడట.

ఓదేలుకు ఒక చిక్కు ఉంది. సాయంత్రం వచ్చే కార్మికులు మల్లన్న కోసం వస్తారు, దానియేలు అంటే ఎవరో వాళ్లలో సగం మందికి తెలియదు. పాత సిలువను చెదలు తినేశాయి, వచ్చే వానలకు పడిపోతుంది. కింద ఖాళీగా ఉన్న జాగాలో ఆ పేరు కూడా చెక్కితే బాగుంటుందని అతని మనసు. నేను ఒప్పుకోలేకపోయాను. బతికున్న మనిషి పేరు సమాధి మీద ఎలా రాస్తాం, అదీ ఆ మనిషి ఎదురుగా ఉండగా?

మల్లయ్య లేచి వచ్చి ఆ ఖాళీ జాగా మీద అరచెయ్యి పెట్టాడు.

"రాయుండ్రి సారు. పైకప్పు పడ్డది మల్లయ్య మీదనే. అండ్ల నేనుండాలె. నా సావు ఆయన సచ్చిండు. పేరన్న ఆయనకు ఉండనియ్యుండ్రి."

నేను జేబులోంచి సుద్దముక్క తీశాను. ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద రాసిన చేత్తోనే ఆ మూడు అక్షరాలు రాతి మీద రాశాను. ఓదేలు ఉలి పట్టాడు. అతను రాతిపని వాడు కాదు, పైగా రాయి గట్టిది. ఒక ఒత్తు పక్కకు ఒరిగింది. మధ్యాహ్నం దాకా పట్టింది. పైన అక్క చెక్కించిన గుండ్రటి పేరు, కింద ఈ వంకర పేరు.

పొద్దుగూకే వేళకు డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టే వచ్చారు. క్రైస్తవులూ కానివాళ్లూ అని నేను విడదీసి చూడలేకపోయాను. మా వైపు పండుగకు తెల్లబట్టలు వేసుకుంటారు, ఇక్కడ మసిబట్టలతో వచ్చారు. నిన్న టీ కొట్టు దగ్గర ముఖం తిప్పుకున్న మనిషి ఈరోజు నా చేతిలో కొవ్వొత్తి పెట్టి, "నువ్వు ముందు ముట్టియ్యి అన్న," అన్నాడు. నేను ఆ కొవ్వొత్తిని మల్లయ్యకు ఇచ్చాను. అతను వెలిగించాక దాంతో నాది వెలిగించుకున్నాను.

తిరుగు దారి

వచ్చేటప్పుడు ఓదేలు కడ్డీని గుడ్డలో చుట్టి సీటు మీద పెట్టాడు. తిరిగి అతని చేతిలోనే పెట్టేశాను. గుడివాడలో దాన్ని పట్టుకునే చేయి లేదు. రాజమ్మ దారికి సర్వపిండి కట్టి ఇచ్చింది.

ఖాళీ కారు, కడిగిన రేడియేటరు. వర్ధన్నపేట దగ్గర అనుమానం కొద్దీ ఆపి అడుగున చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. ఇల్లు చేరేదాకా ఒక్క చెంబు నీళ్లు కూడా అడగలేదు. ఆ దారంతా నేను అక్కతో ఏం చెప్పాలో వరస పెట్టుకుంటూనే వచ్చాను.

అక్క గేటు దగ్గరే అడిగింది, పేరు బాగా కనిపిస్తోందా అని. రెండు పేర్లున్నాయని చెప్పాను. అక్కడే నిలబడి మొత్తం చెప్పాను. కడ్డీ సంగతి, పద్నాలుగేళ్ల కిందట నేను చూడకుండా అన్న మాట సంగతి కూడా.  ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఎక్కడ వేశాడు మాటు, అని మాత్రం అడిగింది. బానెట్ ఎత్తి చూపించాను. కనిపించక, చీర కుచ్చెళ్లు కూడదీసుకుని కారు ముందు నేల మీద కూర్చుని, తల వంచి, కింది నుంచి చెయ్యి పెట్టి వేలితో కుట్టు వెంబడి మెల్లగా తడుముకుంటూ వెళ్లింది. చివర్లో వేలు ఆగింది. 

"నాన్న చుక్క," అంది. "వాడు అమ్మలేదురా."